ముసలి పోస్ట్‌మార్టం డాక్టరు, ఆయనకి మాత్రమే వినపడే దెయ్యం: నవ్వించే మర్డర్ మిస్టరీ రాయడం ఎలా

ముందే చెప్పేస్తున్నానండీ, నేను పేరున్న రైటర్ని కాదు, రెండు నవలలు సగంలో వదిలేసి మూడోది ఎలాగో పూర్తి చేసిన బాపతు. ఆ మూడోదే ఈ ముసలి డాక్టరు, దెయ్యం కథ. ఎలా రాశావ్ అని నలుగురు అడిగారు కాబట్టి నాకు తెలిసింది, దెబ్బ తిని నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నా, పనికొస్తే వాడుకోండి, లేకపోతే మార్చురీ గురించి నాలుగు ముక్కలు తెలిశాయనుకోండి.

మా చిన్న బావగారు పోలీస్ స్టేషన్లో రైటర్‌గా చేసి రిటైరయ్యారు. రైటర్ అంటే మనలాంటి రైటర్ కాదు, పంచనామాలూ కేసు డైరీలూ రాసే రైటర్, నిజం చెప్పాలంటే ఆయన జీవితంలో రాసినన్ని పేజీలు ఏ నవలా రచయితా రాసుండడు. నా మొదటి డ్రాఫ్ట్ ఆయనకిచ్చా. అందులో 22వ పేజీలోనే దెయ్యం వచ్చి డాక్టరుగారి పక్కన నిలబడి "నన్ను చంపింది మా తమ్ముడేనండీ" అని చెప్పేస్తుంది, డాక్టరు గారు ఎస్సైకి చెప్తాడు, ఎస్సై జీపేసుకుని వెళ్ళి పట్టుకొచ్చేస్తాడు, మిగతా నూటయాభై పేజీలు నేను ఛేజింగులతో నింపా. బావగారు అక్కడిదాకా చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టి "బానే ఉంది గానీ బావా, దెయ్యం చెప్పింది అని ఎస్సై ఏ కాలమ్‌లో రాసుకోవాలి?" అన్నారు.

నాకు కోపమొచ్చింది, కథండీ బాబూ ఇది అన్నా. రాత్రి పడుకున్నాక అర్థమైంది, అసలు నవలంతా ఆ ప్రశ్నలోనే ఉందని. దెయ్యం నిజం చెప్తుంది, కానీ దాన్ని రిపోర్టులో రాయడానికి వీల్లేదు, కాబట్టి ముసలాయన ఆ నిజానికి ఒక కాయితం దొరికే దాకా ఊరంతా తిరగాలి. నవ్వు అక్కడి నుంచే వస్తుంది, సస్పెన్స్ కూడా అక్కడి నుంచే వస్తుంది. ఇది పట్టుకుంటే మిగతాదంతా దాని వెనకాలే నడుచుకుంటూ వస్తుంది, అందుకే దీన్ని ముందు చెప్పా.

మన దగ్గర కరోనర్ లేడు, మరి ఎవరిని పెట్టుకోవాలి

ఇంగ్లీష్ నవలలు చదివి చాలామంది "కరోనర్" అనే పాత్ర, అంటే అనుమానాస్పదంగా పోయినవాళ్ళ కేసులు విచారించే అధికారిని, పెట్టేస్తారు. మన తెలుగు ఊళ్ళల్లో అలాంటి ఉద్యోగమే లేదండీ. బ్రిటిష్ వాళ్ళు 1871లో కరోనర్ల చట్టం చేసింది కలకత్తా, బొంబాయి లాంటి మహానగరాల కోసం, బొంబాయిలో అది 1999 దాకా నడిచి రద్దయిపోయింది. మనకి ఎవరైనా అనుమానాస్పదంగా పోతే పోలీసులే వెళ్ళి శవ పంచనామా చేస్తారు, పంచాయతీదార్లని, అంటే సాక్షులుగా పిలిచిన ఊరివాళ్ళని, కూర్చోబెట్టి వాళ్ళ అభిప్రాయం రాసుకుంటారు, తర్వాత బాడీని గవర్నమెంట్ ఆసుపత్రికి పంపితే డ్యూటీలో ఉన్న డాక్టరు పోస్ట్‌మార్టం చేస్తారు. పెళ్ళయి ఏడేళ్ళు నిండని అమ్మాయి పోతే తహసీల్దారు గారొచ్చి ఆ శవ పంచనామా, అదే ఇన్‌క్వెస్ట్ చేస్తారు. మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో ముందే తేల్చుకోండి, 2024 జూలై 1కి ముందైతే ఎస్సై పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్, సీఆర్పీసీ 174 అనాలి, తర్వాతైతే దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 194. పాత సీఐ ఇంకా 174 అనే అంటుంటే కొత్త ఎస్సై మెల్లగా దగ్గి 194 సార్ అనడం, అదొక చిన్న నవ్వు, ఖర్చు లేకుండా వస్తుంది.

అసలు సమస్య వయసు. గవర్నమెంట్ డాక్టరు రిటైరవ్వాల్సిందే, డెబ్బై రెండేళ్ళ ముసలాయన కత్తి పట్టుకుని ఏరియా ఆసుపత్రిలో పోస్ట్‌మార్టం చేశాడంటే పాఠకుడు నమ్మడు. నేను దీని దగ్గరే పది రోజులు కొట్టుకున్నా. చివరికి దొరికిన దారి ఏంటంటే, చిన్న ఆసుపత్రుల్లో పోస్ట్‌మార్టం చేసేది ఎక్కువగా మామూలు డ్యూటీ డాక్టరే, ఫోరెన్సిక్ స్పెషలిస్ట్ కాదు. కాబట్టి ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక డాక్టరమ్మని పెట్టండి. మన ముసలాయన మెడికల్ కాలేజీలో ఫోరెన్సిక్ ప్రొఫెసర్‌గా చేసి రిటైరై సొంతూరికి వచ్చేశాడు, ఒకప్పుడు ఆవిడకి పాఠం చెప్పాడు, వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఏడిపించాడు కూడా. ఏదైనా తేడా బాడీ వస్తే ఆవిడ "సర్, ఒక్కసారి వస్తారా" అని ఫోన్ చేస్తుంది.

ఈ ఏర్పాటులో గొప్ప సుఖం ఒకటుంది, ఆయనకి సంతకం లేదు. రిపోర్ట్ మీద సంతకం డాక్టరమ్మది, ఇన్‌క్వెస్ట్ మీద సంతకం ఎస్సైది. ఈయన కేవలం ఒక పెద్దాయన, కుర్చీ వేస్తే కూర్చునే పెద్దాయన. తెలిసినవాడికి అధికారం లేదు, అధికారం ఉన్నవాళ్ళకి తెలీదు. మన గవర్నమెంట్ ఆఫీసులు చూసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆయన్ని మనిషిని చెయ్యడం

ముసలాయన అనగానే మోకాళ్ళ నొప్పులు, షుగరు, ఉప్మా అంటే చిరాకు, ఇవి అందరూ రాస్తారు, రాయొద్దనను గానీ వాటితో పని జరగాలి. నా ముసలాయనకి చెవుడు, చెవిలో మిషన్ ఉంటుంది. నేను పెట్టుకున్న రూల్ ఏంటంటే, మిషన్ తీసేస్తేనే దెయ్యం మాట వినపడుతుంది, పెట్టుకుంటే బతికున్నవాళ్ళది వినపడుతుంది, రెండూ ఒకేసారి కుదరదు. ఈ ఒక్క రూల్‌తో నాకు సగం నవల నడిచింది. వాళ్ళావిడేమో నేను మాట్లాడేటప్పుడే ఈయన మిషన్ తీసేస్తున్నాడు అని నలభై ఏళ్ళ సంసారం మీద అనుమానం పెంచుకుంటుంది, ఇంకోపక్క దెయ్యంతో మాట్లాడేటప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ళేమంటున్నారో ఆయనకి తెలీదు కాబట్టి సమాధానాలన్నీ అడ్డదిడ్డంగా పడతాయి. ఇదిగో నా డ్రాఫ్ట్‌లోంచి చిన్న ముక్క, మార్చురీలో బల్ల పక్కన ఎస్సై, డాక్టరమ్మ, అటెండర్ సత్తిబాబు ఉంటారు, పోయినాయన బల్ల మీదా ఉన్నాడు, కిటికీ దగ్గరా ఉన్నాడు.

"సార్, ఎన్ని గంటలకి పోయుంటాడంటారు?" అన్నాడు ఎస్సై.
"ఈ లుంగీ నాది కాదండీ డాక్టరు గారూ," అన్నాడు కిటికీ దగ్గరాయన.
"ఎవరిదైతే ఏంటయ్యా, ఇప్పుడు అది కట్టుకుని ఏ పెళ్ళికెళ్ళాలి నువ్వు?" అన్నాడు ముసలాయన విసుగ్గా.
ఎస్సై తలొంచి తన ప్యాంటు వైపు చూసుకున్నాడు.
సత్తిబాబు మెల్లగా "మిషన్ పెట్టుకోండి బాబుగారూ" అన్నాడు.

ఇందులో నవ్వొచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టండి, ఆ లుంగీ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

ఇంకో సీను చెప్తా, ఇది నాకు మా నాన్నగారితో వెళ్ళినప్పుడు తట్టింది. పెన్షన్ తీసుకునేవాళ్ళు ఏడాదికోసారి మేం బతికే ఉన్నాం అని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, 2014 నుంచి అది వేలిముద్రతో ఆన్‌లైన్లో కూడా అవుతోంది. వయసయ్యాక వేలిగీతలు అరిగిపోతాయి, మిషన్ పట్టుకోదు. మా నాన్నగారి బొటనవేలు పెట్టించారు, చూపుడువేలు పెట్టించారు, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టించారు, ఎర్ర లైటే వస్తోంది, ఆ కుర్రాడు స్క్రీన్ చూస్తూ "రావట్లేదండీ, మీరు లేనట్టే చూపిస్తోంది" అన్నాడు. మా నాన్నగారు నవ్వలేదు గానీ నాకు అక్కడే వెలిగింది. జీవితమంతా వేలమంది పోయారని రాసిచ్చిన డాక్టరు, తను బతికున్నానని నిరూపించుకోలేక క్యూలో నిలబడితే, పక్కన దెయ్యం "నాకైతే మొదటి కాయితంతోనే అయిపోయిందండీ" అంటుంది. చివరికి ఫోన్లో మొహం చూపించి కళ్ళు ఆర్పితే పనైపోతుంది, అది వేరే సంగతి. ఇలాంటి సీను మీ ఇంట్లో పెద్దవాళ్ళతో ఒక్కరోజు ఆఫీసుల చుట్టూ తిరిగితే మీకూ దొరుకుతుంది, ఊహించి రాస్తే రాదు.

దెయ్యానికి తెలిసింది ఎంత

ఇక్కడే చాలామంది బోల్తా కొడతారు, నేనూ కొట్టా. పోయినవాళ్ళకి అన్నీ తెలుస్తాయి అనుకుంటాం. ఎందుకు తెలియాలి? వెనకనుంచి తోస్తే చీకట్లో ఎవరు తోశారో ఆయనకెలా తెలుస్తుంది? చారులో ఏదో కలిపితే చారు బాలేదు అని మాత్రమే తెలుస్తుంది. బతికున్నప్పుడు ఎంత తెలుసో పోయాక కూడా అంతే తెలుసు, ఇదే దెయ్యానికి మీరు పెట్టాల్సిన మొదటి హద్దు. పైగా అన్నేళ్ళ బుద్ధులు ఒక్క రాత్రిలో పోవు. పిసినారి దెయ్యం తన హత్య కంటే మంగళవారం రావాల్సిన చీటీ పాట డబ్బుల గురించే ఎక్కువ బాధపడుతుంది, ఫ్రీజర్ బాక్సుకి రోజుకి ఎంత అద్దె ఇస్తున్నారో విని గుండె పట్టుకుంటుంది, లేని గుండె.

ఏ దెయ్యం అనేది కూడా ఆలోచించుకోండి. మనకి దెయ్యాల్లో రకాలు తక్కువేం లేవు, కొరివి దెయ్యం, కామినీ పిశాచి, బ్రహ్మరాక్షసి, ఇంకా దెయ్యం కాదు గానీ చేతబడిని గోదావరి వైపు చిల్లంగి అంటారు, తెలంగాణలో బాణామతి అంటారు, తొంభైల్లో మా వీధిలో ప్రతి తలుపు మీదా సుద్దముక్కతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసుండేది, మా అమ్మ మాత్రం అక్షరాలు వంకరగా ఉన్నాయని రెండుసార్లు తుడిపించి రాయించింది. వీటన్నిటినీ కుప్ప పోయకండి. ఒక్క రకం తీసుకుని, దానికి రెండు మూడు రూల్స్ పెట్టి, ఆఖరి పేజీ దాకా వాటిని దాటకండి. మధ్యలో అవసరం పడిందని దెయ్యం చేత తలుపు తీయించారంటే పాఠకుడు ఇంతకుముందు ఎందుకు తియ్యలేదు అని అడుగుతాడు, న్యాయమే కదా.

రాత్రి సంగతి ఒకటి. పాత సినిమాల్లోలాగా అర్ధరాత్రి హత్య కేసు బాడీని కోసెయ్యడం పెట్టకండి. ఒకప్పుడు పొద్దుగూకాక పోస్ట్‌మార్టం చేసేవాళ్ళే కాదు, 2021 నవంబర్లో సెంట్రల్ గవర్నమెంట్ సదుపాయాలున్న ఆసుపత్రుల్లో రాత్రి కూడా చెయ్యొచ్చంది గానీ, హత్య, ఆత్మహత్య, రేప్, కుళ్ళిన బాడీ, అనుమానం ఉన్న కేసులు, వీటిని లా అండ్ ఆర్డర్ ఇబ్బంది ఉంటే తప్ప రాత్రి చెయ్యకూడదనే చెప్పింది. అంటే మన కేసు సాయంత్రం ఐదున్నరకి వచ్చిందంటే తెల్లారేదాకా ఆగాల్సిందే. బాధపడకండి, ఇది మనకి వరం. ఆ రాత్రంతా మార్చురీ వరండాలో వాచ్‌మన్, ముసలాయన, ఇంకా ఆయన. ఏ పనీ జరగదు, మాటలే జరుగుతాయి. నా నవల్లో బెస్ట్ చాప్టర్ అదే అని చదివినవాళ్ళన్నారు.

చావు ఎలా కట్టాలి

ముందు హత్య కట్టుకోండి, నవ్వులు తర్వాత. హత్య గట్టిగా లేకపోతే ఎన్ని జోకులేసినా చిల్లుకుండే.

నాది పశ్చిమ గోదావరి వైపు కథ. ఎండాకాలం, కాలువలు కట్టేసిన రోజులు. తెలియనివాళ్ళ కోసం, మా వైపు ఏప్రిల్లో కాలువలకి నీళ్ళు ఆపేసి రిపేర్లు చేసుకుని జూన్‌లో మళ్ళీ వదులుతారు, మధ్యలో కాలువ అడుగున అక్కడక్కడా గుంటల్లో మోకాల్లోతు నీళ్ళే మిగులుతాయి. అలాంటి గుంటలో ఒకాయన బోర్లా పడి ఉన్నాడు. తాగి పడిపోయాడు అన్నారు అందరూ, పంచాయతీదార్లూ అదే రాయించారు. మోకాల్లోతు నీళ్ళల్లో మనిషి పోతాడా అంటే పోతాడు, ముక్కూ నోరూ మునిగితే చాలు. నోటి దగ్గర సన్నటి తెల్ల నురగ ఉంది, ఊపిరితిత్తులు ఉబ్బి ఉన్నాయి, మునిగే పోయాడు, అందులో డౌట్ లేదు. డాక్టరమ్మ నీట మునక అని రాసేస్తుంటే ముసలాయన అడుగుతాడు, మునిగాడు సరే, ఏ నీళ్ళల్లో?

ఇది మీకు పనికొచ్చే సైన్సు, కాస్త ఓపిగ్గా వినండి. నీళ్ళల్లో డయాటమ్‌లని కంటికి కనపడని నాచు కణాలుంటాయి, వాటి చుట్టూ ఇసకలాంటి సిలికా పెంకు ఉంటుంది. బతికుండగా మునిగితే నీళ్ళతో పాటు ఇవీ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి రక్తంలో కలిసి ఎముక మూలుగ దాకా చేరతాయి. పోయాక నీళ్ళల్లో పడేస్తే గుండె ఆడదు కాబట్టి అంత లోపలికి చేరవు. అందుకని తొడ ఎముక గానీ రొమ్ము ఎముక గానీ ల్యాబుకి పంపితే వాళ్ళు మూలుగని యాసిడ్‌లో ఉడికిస్తారు, అన్నీ కరిగిపోతాయి, ఆ పెంకులు మాత్రం మిగులుతాయి. వాటిని బాడీ దొరికిన చోటి నీళ్ళతో పోల్చి చూస్తారు. కాలువ గుంట నీళ్ళల్లో ఉండే రకం వేరు, చేపల చెరువులో రకం వేరు, ఉప్పునీటి రొయ్యల చెరువైతే ఇంకా వేరు. ఇప్పుడర్థమైందా, చెరువులో ముంచి చంపి, తెచ్చి కాలువ గుంటలో పడేశారు. ఈ టెస్ట్ మీద కోర్టుల్లో వాదనలు కూడా ఉన్నాయి, ఒక్క దాంతోనే కేసు నిలబడదు, అది కూడా మనకి మంచిదే, ముసలాయన ఇంకో ఆధారం వెతకాలి కదా.

ఇప్పుడు లుంగీ. దెయ్యం మొదటి సీను నుంచీ ఈ లుంగీ నాది కాదు, ఈ లుంగీ నాది కాదు అని చంపేస్తుంటాడు, ముసలాయనా పట్టించుకోడు, పాఠకుడూ పిసినారి గొణుగుడు అనుకుని నవ్వేస్తాడు. చేపల చెరువుల దగ్గర తవుడు బస్తాలకి చిల్లులు పెట్టి కర్రలకి కట్టి నీళ్ళల్లో వేలాడదీస్తారు, చేపలొచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. అక్కడ జరిగిన పెనుగులాటలో ఆయన లుంగీకి తవుడు పట్టేసింది, అందుకే చంపినవాడు దాన్ని విప్పేసి తన లుంగీ ఒకటి కట్టాడు. 140వ పేజీ దగ్గర ముసలాయన విసిగిపోయి "ఎందుకయ్యా నీది కాదు" అంటే, దెయ్యం "ఇది కుట్టించిన లుంగీ అండీ, నేను చచ్చినా కుట్టించింది కట్టను, విప్పుకుని కట్టుకునేదే కడతా" అంటాడు. అంతే. ఇప్పుడు ముసలాయనకి నిజం తెలిసింది, కాయితం కావాలి. పంచనామాలో బాడీ మీద ఉన్న బట్టలు రాస్తారు, "గళ్ళ లుంగీ ఒకటి" అని రాశారు, కుట్టిందో లేదో రాయలేదు. డాక్టరమ్మ పోలీసులకి సీలు చేసి ఇచ్చిన బట్టల్లో అది ఉంది. పోయినాయన భార్యని పిలిచి మీ ఆయన ఎలాంటిది కట్టేవాడమ్మా అని ఎస్సై చేత అడిగించాలి, ఎస్సైకి ఆ ప్రశ్న ఎందుకు తట్టిందో ఎస్సైకే తెలియకూడదు.

పట్టుకోండి ఇది, క్లూని జోకు కింద దాచండి. సీరియస్‌గా చెప్పిన ప్రతి ముక్కనీ పాఠకుడు అనుమానిస్తాడు, నవ్వు వచ్చిన చోట మాత్రం కాపలా దించేస్తాడు.

టైం విషయంలో మాత్రం రాత్రి 9:17కి చనిపోయాడు అని డాక్టరు చేత చెప్పించకండి, పరువు పోతుంది. బాడీ బిగుసుకోవడానికి పుస్తకాల్లో పన్నెండేసి గంటల లెక్కొకటి ఉంది, పన్నెండు గంటల్లో ఒళ్ళంతా బిగుసుకుంటుంది, ఓ పన్నెండు అలా ఉంటుంది, ఇంకో పన్నెండులో వదిలేస్తుంది అని, కానీ మా ఏప్రిల్ ఎండలో అదంతా ఇంకా తొందరగా అయిపోతుంది. ముసలాయన ఎప్పుడూ "సాయంత్రం నుంచి అర్ధరాత్రి లోపు" అనే అంటాడు, ఎస్సై ఎప్పుడూ "కొంచెం తగ్గించండి సార్" అంటాడు, కూరగాయల బేరంలాగా.

దొంగ దెయ్యం కూడా ఒకటి పెట్టండి

నిజం దెయ్యం ఉన్న కథలో ఒక అబద్ధపు దెయ్యం ఉంటే మజా రెట్టింపు. నేను ఉమ్మెత్త వాడుకున్నా. కథలో పోయినాయన మరదలు మూడో రోజు నుంచి ఊగిపోతూ, గాల్లో ఏదో పట్టుకుంటూ, దుప్పటి పీకుతూ, లేని మనుషులతో మాట్లాడుతుంటుంది, ఇంటిల్లిపాదీ ఆ పోయిన బావగారే పూనాడని భూతవైద్యుడిని పిలిపిస్తారు, వేపమండలు, నిమ్మకాయలు, హడావుడి. మన ముసలాయనకి మాత్రం అనుమానం, ఎందుకంటే పూనాడంటున్న మనిషి తన పక్కనే అరుగు మీద కూర్చుని "నేనిక్కడే ఉన్నా కదండీ, ఆవిడకి పూనిందెవరు?" అని అడుగుతున్నాడు.

డాక్టరమ్మ వెళ్ళి చూస్తే కంటిపాపలు పెద్దవైపోయి ఉంటాయి, నోరు పిడచకట్టుకుపోయి ఉంటుంది, ఒళ్ళు వేడిగా ఎర్రగా. ఉమ్మెత్త గింజలకి ఇవే లక్షణాలు, ఆవిడకి ఏదో తెలుసని ఎవరో నోరు మూయించబోయారు. దీంట్లో దగ్గరగా చూపించదగ్గ సీను ఒకటుంది. ఉమ్మెత్త గింజా ఎండుమిరప గింజా చూపులకి ఒక్కలాగే ఉంటాయి, తేడా చెప్పమని ఫోరెన్సిక్ వైవాల్లో అడుగుతుంటారు, ముసలాయన కూడా డాక్టరమ్మని అప్పట్లో అదే అడిగాడు, ఆవిడ చెప్పలేకపోయింది. ఇప్పుడు వంటింట్లో స్టీలు పళ్ళెం మీద, పోపులడబ్బాలోంచి తీసిన గింజని బ్లేడుతో ఆవిడే నిలువునా కోస్తుంది. మిరప గింజ పసుపుపచ్చగా నున్నగా ఉంటుంది, లోపల మొలక ఆరు అంకెలాగా లోపలికి వంగి ఉంటుంది. ఇది గోధుమరంగులో కాస్త పెద్దగా, పైన సన్నటి గుంటలతో ఉంది, లోపల మొలక బయటికి వంగి ఉంది. "ఇప్పుడు చెప్పు" అంటాడు ముసలాయన. ఆరేళ్ళు లేటుగా ఆవిడ వైవా పాసవుతుంది.

ఎక్కడ నవ్వాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి

నవ్వు ఎప్పుడూ కాయితాల మీదా, చుట్టాల మీదా, తిండి మీదా, ముసలాయన మొండితనం మీదా వెయ్యండి. బల్ల మీదున్న మనిషి మీద వెయ్యకండి. మార్చురీ అటెండర్ అనగానే తాగుబోతుగా రాసెయ్యడం మన కథల్లో అలవాటైపోయింది, ప్లీజ్, మానేద్దాం. బాడీ ఎత్తడం, కుట్టడం, కడగడం, ఏడుస్తున్నవాళ్ళకి ఏ కిటికీ దగ్గర నిలబడాలో చెప్పడం, ఇవన్నీ చేసేది ఆయన. నా సత్తిబాబు తాగడు, ముసలాయనకి వయసు మీద పడి వాసన తెలియట్లేదు కాబట్టి ఆయనకి ముక్కు కూడా సత్తిబాబే, లుంగీ మార్చినా జుట్టులో తవుడు వాసన పట్టుకున్నది కూడా అతనే.

తిండి నవ్వు బాగా పండుతుంది. ల్యాబుకి పంపే విసెరా, అంటే కడుపు, కాలేయం లాంటి లోపలి అవయవాల ముక్కలు, ఉన్న సీసాల్లో చిక్కటి ఉప్పునీళ్ళు పోస్తారు, సీసా నిండా పొయ్యరు, మూడొంతుల్లో రెండొంతులే, గ్యాస్ వచ్చి పొంగకుండా. ఫార్మాలిన్ పోస్తే విషం పరీక్ష చెడిపోతుంది, కొత్త రైటర్లు అందరూ ఫార్మాలిన్ అనే రాస్తారు, జాగ్రత్త. మా ముసలాయన ఆవకాయ రోజుల్లో జాడీ నింపుతున్న వాళ్ళావిడ పక్కన నిలబడి "అంత నింపకు, పొంగుతుంది" అంటాడు, ఆవిడ గరిటె పక్కన పెట్టి "మీ సీసాల సంగతి మీ ఆసుపత్రిలో చూసుకోండి" అంటుంది.

ఇంక పిండం కాకి. ఇది లేకుండా తెలుగులో చావు కామెడీ లేదు. పదో రోజు పిండం పెడితే కాకి ముట్టలేదు, అందరూ వరసగా మొక్కులు మొదలుపెడతారు, నీ అప్పులు మేం తీరుస్తాం, పిల్లని మేం చదివిస్తాం, ముట్టు నాయనా అని. ముసలాయన మిషన్ తీసేసి పక్కకి చూస్తే దెయ్యం తాపీగా "కాకికీ నాకూ సంబంధం లేదండీ, ఆ పక్కింట్లో చేపలు తోముతున్నారు, దాని ధ్యాసంతా అటుంది" అంటాడు. ఎండ పెరుగుతోంది, పురోహితుడు వాచీ చూసుకుంటున్నాడు, ఊరంతా చూస్తోంది, చెమటలు కారుతున్న తమ్ముడు ఆగలేక "ఆ లీజు కాయితం వదినకే ఇచ్చేస్తాలే అన్నయ్యా" అనేస్తాడు. ఏ లీజు కాయితం అని వదిన అడుగుతుంది. అప్పుడే పక్కింటివాళ్ళు చేపలు లోపలికి తీసుకెళ్ళిపోయారు కాబట్టి కాకి వచ్చి వాలుతుంది. చూశారా, దెయ్యం ఏమీ చెయ్యలేదు, కాకి ఏమీ చెయ్యలేదు, భయం చేసింది, అదీ నలభైమంది సాక్షుల ముందు. ఎస్సై రాసుకోవడానికి కాలమ్ దొరికింది.

రాసే వరస

నేను చివరి నుంచి వెనక్కి రాశా. ముందు తమ్ముడు ఆ రాత్రి ఏం చేశాడో గంట గంటకీ ఒక పేజీ, అందులో దెయ్యమూ లేదు, నవ్వూ లేదు. తర్వాత రెండు గళ్ళు గీసి ఒక పక్క దెయ్యం చెప్పినవి, రెండో పక్క వాటికి దొరికే కాయితమో మనిషో రాసుకున్నా. రెండో గడి ఖాళీగా ఉన్న ప్రతి చోటా నవల కారిపోతోందని లెక్క. ఆ తర్వాతే చాప్టర్లు. సంభాషణలు ముందు నోటితో అనుకుని చూడండి, ఎస్సై "సార్" అంటాడు, సత్తిబాబు "బాబుగారూ" అంటాడు, వాళ్ళావిడ "ఏవండీ" అంటుంది, దెయ్యం మాత్రం మొదట్లో "డాక్టరు గారూ" అని మొదలుపెట్టి ఆఖరికి "మాస్టారూ" లోకి దిగుతాడు, వాళ్ళిద్దరి మధ్య స్నేహం కుదిరిందని నేను విడిగా ఎక్కడా రాయలేదు.

ఇదంతా సరిచేసి ఈసారి మొత్తం నవల బావగారికిచ్చా. నాలుగు రోజులు పట్టింది, మధ్యలో రెండుసార్లు లోపల్నుంచి నవ్వు వినపడింది, లుంగీ దగ్గర అనుకుంటా. ఆఖర్న పుస్తకం మూసి, బాగుంది అని కూడా అనకుండా, "ఎముక ల్యాబుకి పంపారు కదా, ఆ సీసా మీద సీలెవరేశారు, తీసుకెళ్ళిన కానిస్టేబుల్ నంబరేది?" అన్నారు. మళ్ళీ 96వ పేజీ తీశానండీ, ప్రస్తుతం అక్కడే ఉన్నా.